డాక్టరమ్మ గారు నెమరు మానేశారు

నమోదు 1

పై ఆఫీసు వారు పంపిన నమూనాలో మూడు గళ్ళున్నాయి. పశువు పరిస్థితి, మనుషుల పరిస్థితి, ఇతర విశేషాలు. మొదటి రెండూ నా చిటికెన వేలంత ఉన్నాయి. అందుకని అంతా మూడో గడిలోనే రాస్తున్నాను. చదివే అధికారి గారు ఎవరో గానీ కాస్త ఓపిక చేసుకోవాలి.

నా పేరు కొల్లాటి వజ్రం. పశువుల డాక్టర్ని. తేలుడు కాలనీ ఆరో వరుసలో ఉన్న ఒకే ఒక్క పాడి గేదెకి నేనే దిక్కు. అయినా ఇక్కడ నన్నెవరూ డాక్టరమ్మ అనరు. ఆ పేరు గేదెకి పెట్టేశారు. నేను ఐదేళ్ళు చదివి, మూడు పరీక్షలు తప్పి, మళ్ళీ రాసి తెచ్చుకున్న పట్టాని ఆమె గడ్డి తింటూ సంపాదించేసింది. నన్ను గేదె మేడం అంటారు.

పొద్దున్నే డాక్టరమ్మకి ఒళ్ళు కడిగి, పొదుగు తుడిచి, పాలు పితికాను. వాటిని వడపోత పెట్టెలో పోశాను. పెట్టె కాసేపు గుర్రుమని తిరిగి పాలని ఒక పక్కకీ, పాలలో ఉన్న ఇన్సులిన్‌ని ఇంకో పక్కకీ తీసింది. చిన్న సీసాల్లో నింపి మూతలు బిగించాను. ఈ వరుసలో షుగరు ఉన్నవాళ్ళందరికీ మందు ఇదే. ఈమె పుట్టకముందే ఎవరో మహానుభావులు ఆమెలో మనిషి జన్యువు ఒకటి అతికించారు. ఆ లెక్కన ఆమెకీ నాకూ దూరపు చుట్టరికం ఉన్నట్టే, కాకపోతే జనం గౌరవించేది ఆ వైపు వాళ్ళనే.

పాలు నిన్నటికంటే తగ్గాయి. ఆమె మెడపట్టీని కారణం అడిగాను. మెడపట్టీ పని గేదె మనసులో ఉన్నది పైకి చెప్పడం.

"జీవి సంతృప్తిగా ఉన్నది" అంది.

దీనికి తెలుగు నేర్పినవాడు గేదెల మధ్య పెరిగినవాడు కాదు.

నమోదు 2

మా ఆస్పత్రి రెండంతస్తుల తెప్ప. కింద గేదె, పైన మనుషులు. సముద్రం లంకల్ని మింగాక ఇళ్ళన్నీ డ్రమ్ముల మీద కట్టుకుని, తాళ్ళతో వరుసలుగా బిగించుకుని బతుకుతున్నాం. మనిషికీ పశువుకీ ఒకే కప్పు కింద వైద్యం అని చట్టం వచ్చాక మనుషుల డాక్టరు శౌరిని కూడా ఈ తెప్ప మీదకే పంపారు. మనిషి ఆరోగ్యమూ పశువు ఆరోగ్యమూ వేరు కాదని మీటింగుల్లో చక్కగా చెప్తాడు. మెట్లు దిగేటప్పుడు మాత్రం ముక్కుకి రుమాలు కట్టుకుంటాడు.

వచ్చిన కొత్తలో ఆయనకి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. మందు మొదలుపెట్టే రోజున రోగి డాక్టరమ్మ ఎదుట నిలబడి, తనకి ప్రాణమైన తీపి ఒకటి వదిలెయ్యాలి. కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైన కాయో పండో వదిలేసి వస్తారు కదా, అదే పద్ధతి. "నేను తినొద్దంటే తింటారు, దణ్ణం పెట్టి వదిలితే జన్మలో తినరు" అన్నాడు.

నిజంగానే తినలేదు. గంటా బుల్లెమ్మత్త సున్నుండలు వదిలింది. కర్రి సత్తిబాబు బాబాయ్ మడత కాజా వదిలాడు. వదిలేటప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, పెళ్ళాం పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదని బుల్లెమ్మత్త అక్కడే అనేసింది. పూతరేకులు వదిలినవాళ్ళున్నారు, పాలకోవా వదిలినవాళ్ళున్నారు. అందరికీ షుగరు దిగింది. శౌరి దాని మీద వ్యాసం రాసి పేరున్న పత్రికకి పంపాడు. వేశారు. అందులో గేదె ఫొటో ఉంది, నాది లేదు.

లోవ ఒక్కతే ఏమీ వదల్లేదు. లోవ మా తెప్పల తాళ్ళూ డ్రమ్ములూ చూసే పిల్ల. రోజూ నీళ్ళలో మునిగి అడుగున ముళ్ళు బిగించి వస్తుంది. దానికి చిన్నప్పుడే వచ్చిన షుగరు. పెద్దవాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ ఉంటుంది గానీ బద్ధకంగా పనిచేస్తుంది, లోవ ఒంట్లో అసలు తయారే కాదు. పెద్దవాళ్ళు కొన్నాళ్ళు మందు మానేసినా నోరు కట్టుకుంటే నెట్టుకురాగలరు. లోవ మానేస్తే వారం తిరక్కుండా చచ్చిపోతుంది. ఇంతకంటే మెత్తగా రాయడం నాకు చేతకాదు.

నమోదు 3

పాలు సగానికి పడిపోయాయి.

గడ్డి మార్చాను. నీళ్ళు మార్చాను. దోమతెర మార్చాను. పొదుగుకి వాపు లేదు, ఒంటికి జ్వరం లేదు. ఆమె మాత్రం తలకాయ పక్కకి తిప్పుకుని, నేనేదో అప్రస్తుతం మాట్లాడినట్టు చూసింది. మెడపట్టీ మళ్ళీ సంతృప్తే అంది. పీకి నీళ్ళలో పారేద్దామనుకున్నాను గానీ జీతంలో కోస్తారు.

ఇంతలో వాయుగుండం వచ్చి కూర్చుంది. ఒడ్డు నుంచి అదనపు మందు తెచ్చే లాంచీలు ఆగిపోయాయి. గాలి తగ్గేదాకా ఎవరి బతుకు వాళ్ళది అన్నట్టు రేడియోలో ఒక ఆవిడ చాలా తీయగా చెప్పింది.

మధ్యాహ్నం రోగుల మీటింగు పెట్టాం. ఉన్న మందులో లోవకి పూర్తిగా ఇచ్చాకే మిగతావాళ్ళు పంచుకోవాలని నేనన్నాను.

"అదెలా కుదురుద్దే వజ్రం" అంది బుల్లెమ్మత్త. ఆరో వరుసలో ఆమె మాటంటే మాటే. "అందరం ఒక గేదె పాల మీద బతుకుతున్నోళ్ళం. ఒకళ్ళకి గిన్నెడు, ఇంకోళ్ళకి గరిటెడు అంటే రేపు మొహాలు చూసుకుంటావా. తగ్గితే అందరికీ తగ్గుద్ది."

"అత్తా, నీకు తగ్గితే నీరసం వస్తుంది. దానికి తగ్గితే ప్రాణం పోతుంది."

"నా ప్రాణం మాత్రం ఊరికే వచ్చిందేంటే?"

శౌరి రూల్సు పుస్తకం తిరగేశాడు. అందులోనూ సమానంగానే అని ఉంది. ఆ రూలు రాసినవాడికి ఒంట్లో ఇన్సులిన్ బాగా ఊరుతుండాలి. చేతులెత్తమంటే ఎత్తారు, సమానమే గెలిచింది. ఎవరి సీసాలు వాళ్ళు స్టీలు బాక్సుల్లో పెట్టుకుని ఇళ్ళకి పోయారు. లోవ తన బాక్సు చెవి దగ్గర ఊపి చూసుకుంది.

"పర్లేదక్కా, సగం పనే చేత్తాను" అంది.

దాని ముందు నవ్వాను. గేదె దగ్గరికొచ్చి తిట్టాను. గేదె ఏం చేసిందని కాదు, వినేది ఆమె ఒక్కతే.

నమోదు 4

డాక్టరమ్మ నెమరు వెయ్యడం లేదు.

పాడి గేదె నెమరు మానడమంటే, బుల్లెమ్మత్త మాట్లాడ్డం మానడం లాంటిది. లోపల ఏదో పెద్దదే జరిగి ఉండాలి. కడుపు మీద పిడికిలి పెట్టి చూశాను, కదలిక లేదు. పేడ పల్చగా, నురగతో పడింది. వాసన చూశాను. నా వృత్తిలో అదొక భాగం, అధికారి గారు ముఖం చిట్లించక్కర్లేదు. పుల్లగా ఉంది. గొట్టం వేసి కడుపులో నీళ్ళు కొంచెం తీసి పులుపు తేల్చే కాగితం ముంచితే, పచ్చి చింతకాయ పచ్చడి ముంచినట్టు రంగు తిరిగింది.

కడుపు పులిసింది. గేదె కడుపులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు గడ్డిని అరిగిస్తూ కాపురం చేస్తుంటాయి. తీపీ పిండీ ఎక్కువ పడితే ఆ కాపురం కూలి అంతా పులుపెక్కుతుంది. గేదె తిండి మానేస్తుంది, పాలు ఆపేస్తుంది, ముదిరితే పడిపోతుంది. కానీ నేను పెట్టేది ఎండుగడ్డీ పచ్చగడ్డీ. తీపి ఎక్కడిది?

పేడ కడిగి చూశాను. జీడిపప్పు బద్ద ఒకటి దొరికింది. చక్కగా నేతిలో వేయించింది.

దాన్ని పళ్ళెంలో పెట్టుకుని ఇంటింటికీ తిరిగాను. ఇది ఎవరిదని అడిగాను. సత్తిబాబు బాబాయ్ కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూశాడు.

"ఎక్కడిదమ్మా ఇది?"

"పేడలోది."

"ఆయ్, అయితే గేదెదే అయ్యుంటాదండీ."

అందరూ ఇలాగే చెప్పారు. ఇంత అమాయకంగా ఇంతమంది ఒకేసారి ఉండటం ఎక్కడా చూడలేదు. నేను నమ్మలేదు. కానీ పట్టుకోవడం ఎలాగో తెలియలేదు.

నమోదు 5

దారి చూపించింది లోవే. పొద్దున్న మెట్ల మీద కూర్చుని ఆయాసపడుతోంది. రాత్రంతా దాహమేసిందట, కుండ ఖాళీ చేసిందట. పైకి పద, శౌరికి చూపిద్దామన్నాను.

"పోతాలే అక్కా. ముందు ఇది విను. ఆస్పత్రి పడమటేపు తాళ్ళు తెగ అరిగిపోతన్నాయి. మజ్జాన్నం అయ్యేతలికి తెప్ప ఆ పక్కకి ఒంగుతాంది. ఎవరో బోలెడు మంది ఎక్కి నిలబడ్డట్టు."

తెప్పల మీద బతికేవాళ్ళకి అబద్ధం ఆడటం కష్టం. పది మంది ఎక్కడ చేరితే నేల అక్కడికి వంగుతుంది. పడమటి వైపు ఉన్నది గేదె కొట్టం. మధ్యాహ్నం నేను భోంచేసి మా తెప్పలో ఒక కునుకు తీస్తాను. అది కాలనీ అంతటికీ తెలుసు.

ఇవాళ కునుకు తీయలేదు. గడ్డిమోపు వెనకాల కూర్చున్నాను. అందరూ పడుకునే వేళకి మెడపట్టీ తనంతట తనే మాట్లాడింది.

"జీవి ఎవరి కొరకో వేచి ఉన్నది."

వచ్చారు. వరుస కట్టుకుని, చడీ చప్పుడూ లేకుండా, చేతుల్లో స్టీలు బాక్సులతో. రేషను దగ్గర కూడా ఇంత పద్ధతిగా నిలబడగా చూడలేదు. ముందు బుల్లెమ్మత్త. బాక్సు మూత తీసి, సున్నుండ ఒకటి గేదె నోటికి అందించి, "నా పేరన తినెయ్యి తల్లీ" అంది. వెనకాల సత్తిబాబు బాబాయ్ కాజా పట్టుకుని, పాకం కారిపోకుండా కింద ఇంకో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. తెప్ప మెల్లగా పడమటికి వంగింది.

నేను లేచి నిలబడ్డాను. ఎవరూ పారిపోలేదు. పారిపోయే వయసు కాదు.

"మేం తినలేదే వజ్రం" అంది బుల్లెమ్మత్త. "ఒట్టు. ఒక్క పలుకు కూడా ముట్టుకోలేదు."

"మీరు తింటే బాగుండేది."

"వదిలేసిందాన్ని పారేత్తావా? ఎవరికో ఒకరికి పెట్టాలి కదా. మాకు మందిచ్చే తల్లి. మొదట్లో పండక్కి పెట్టాం. తర్వాత అమాసకీ పున్నానికీ పెట్టాం."

"తర్వాత?"

"ఇదిగో, అది ఎదురు చూత్తా ఉంటే ఏం సేత్తాం" అన్నాడు సత్తిబాబు బాబాయ్. "నేను కళ్ళారా చూసుకునేవోణ్ణి అమ్మా. అది నవుల్తా ఉంటే నాకే నోట్లో పడ్డట్టుండేది."

తిడదామని నోరు తెరిచాను.  తిట్టే బదులు ఆయన చేతిలో కాజా తీసుకుని బాక్సులో పెట్టేశాను. శౌరి మెట్ల మీద నిలబడి అంతా విన్నాడు. రుమాలు కట్టుకోవడం మర్చిపోయాడు. వదిలెయ్యమన్నాడు గానీ, వదిలినదాన్ని ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు. వ్యాసంలో కూడా లేదు.

అప్పుడే పైనుంచి ఏదో పడ్డ చప్పుడైంది. పరీక్ష కోసం పైకెక్కిన లోవ వరండాలో కూలబడింది.

నమోదు 6

లోవ ఇంట్లో దాని బాక్సు వెతికాం. సీసాలు నిన్నే అయిపోయాయి. చెబితే ఎవరి వాటాలోనో తియ్యాల్సి వస్తుందని చెప్పలేదు. ఇంత మొండిది ఇంకోటి నాకు తెలుసు, కానీ దానికి నాలుగు కాళ్ళున్నాయి.

లోవ వాంతులు చేసుకుంటోంది, రొప్పుతోంది, ఊపిరిలో మగ్గిన పండు వాసన. ఇన్సులిన్ లేకపోతే రక్తంలో ఉన్న చక్కెర ఒంటికి పట్టదు. అప్పుడు ఒళ్ళు కొవ్వుని కాల్చుకుంటుంది, రక్తం పులుపెక్కుతుంది. కింద గేదెకి చక్కెర ఎక్కువై కడుపు పులిసింది. పైన పిల్లకి చక్కెర అందక రక్తం పులిసింది. ఒకే కప్పు కింద, ఒకే రోజు. మా చట్టం రాసినవాళ్ళు ఇంత అక్షరాలా జరుగుతుందని అనుకుని ఉండరు.

శౌరి సెలైను ఎక్కించాడు. ఫ్రిజ్‌లో ఉన్నది ఒక సీసా. రాత్రికి చాలదు.

"గేదె ఎప్పుడిస్తుంది?" అన్నాడు.

"ముందు గేదె బతకాలి."

తినే సోడా నీళ్ళలో కలిపి గొట్టంతో పట్టాను. అది పులుపుని విరుస్తుంది. కానీ కూలిన కాపురాన్ని మళ్ళీ నిలబెట్టాలంటే, ఆరోగ్యంగా ఉన్న పశువు కడుపులోంచి నెమరు నీళ్ళు తెచ్చి పొయ్యాలి. ఇంకో పశువంటే మూడో వరుసలో సరుకు తెప్పలు లాగే దున్నపోతు ఒకటే. దాని పేరు తాసిల్దారు. ఎవరొచ్చినా కదలదు, విసిగిస్తే కుమ్ముతుంది, ఆ గుణాలు చూసి పెట్టారు.

శౌరి ముక్కుతాడు పట్టుకున్నాడు. నేను గొట్టం లోపలికి దింపి పంపు కొట్టాను. తాసిల్దారు గారు శౌరిని రెండుసార్లు నీళ్ళలో పడేశారు. మూడోసారికి బకెట్ నిండింది. ఆకుపచ్చగా, వెచ్చగా, కంపుగా ఉంది.

"మనుషులకీ ఇలాంటిదే చేస్తాం" అన్నాడు శౌరి, జుట్టులోంచి నాచు తీసుకుంటూ. "పేగుల్లో మంచి సూక్ష్మజీవులు పోతే, ఆరోగ్యవంతుల మలంలోంచి తీసి ఎక్కిస్తాం. కొత్తగా కనిపెట్టినప్పుడు చాలా పేరొచ్చింది."

"మా వాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్నారు. మాకు కంపు మాత్రమే వచ్చింది."

ఆయన నవ్వాడు. బకెట్ ఆయనే మోశాడు. రుమాలు లేకుండానే.

నమోదు 7

నెమరు నీళ్ళు పోశాం. డాక్టరమ్మ పడుకునే ఉంది. పైన లోవ పిలిస్తే కళ్ళు తెరుస్తోంది, మూస్తోంది. ఒక్క సీసా అయిపోవచ్చింది.

సాయంత్రం పెద్దవాళ్ళందరినీ కొట్టం దగ్గరికి పిలిచాను. పెద్దగా ఏమీ చెప్పలేదు. మీ ఇళ్ళలో ఉన్న సీసాలు వెనక్కి తెచ్చివ్వండి, గాలి తగ్గేదాకా మీకు మందుండదు, ఆకుకూరలు తిని నడవండి, లేకపోతే లోవ రేపటికి ఉండదు అన్నాను.  



"మరి మాకేమన్నా అయితేనో?" అన్నాడు సత్తిబాబు బాబాయ్. అడగాల్సిన మాటే. ఆయనకి కళ్ళు అప్పటికే సగం పోయాయి.

"రోజుకి రెండుసార్లు వచ్చి నేను చూస్తాను. అవసరమైతే ఇది ఆపి మీ మందు మీకిస్తాను. కానీ మీకు ఏమన్నా కావచ్చు, లోవకి అయి తీరుతుంది" అన్నాడు శౌరి.

బుల్లెమ్మత్త లేచి వెళ్ళిపోయింది. సమానం అన్నది ఆమే, చేతులెత్తించింది ఆమే. మిగతావాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని ఆమె వెనకే పోయారు. నా పని అయిపోయిందనుకున్నాను. గడ్డిమోపు మీద కూర్చుని ఏడ్చాను. అధికారి గారు దీన్ని ఇతర విశేషాల్లోనే చదువుకోవాలి.

కాసేపటికి తెప్ప పడమటికి వంగింది.

తలెత్తి చూస్తే వరుస. అవే స్టీలు బాక్సులు. ముందు బుల్లెమ్మత్త. మూత తీసి నా ముందు పెట్టింది. సున్నుండలుండే చోట సీసాలున్నాయి. ఒక్కటి కూడా మూత తియ్యలేదు.

"వాడలేదేంటత్తా?"

"వాటా తగ్గింది కదా. ఇంకా తగ్గుద్దేమోనని దాచుకున్నాను" అంది. బాక్సు నా వైపు జరిపింది. "ఆ పిల్ల మా తెప్ప కింద మునిగి ముడేసి వత్తాది రోజూ. ఒక్కనాడన్నా పైకొచ్చిందో లేదో చూడలేదే నేను. మా ఇల్లు తేల్తంది కదా అని కూకున్నాను."

సత్తిబాబు బాబాయ్ తన బాక్సు కూడా పెట్టాడు. అందులో రెండు సీసాలు.

"ఇది వదలడానికి మాత్రం దణ్ణం పెట్టను" అన్నాడు. "మళ్ళీ కావాలి నాకు."

నమోదు 8

తెల్లవారేటప్పటికి లోవ ఊపిరి నెమ్మదించింది. మధ్యాహ్నానికి నీళ్ళు తాగింది, నిలబడింది. సాయంత్రం తాళ్ళ గురించి అడిగింది. ఇంకో రెండు రోజులు మునక్కూడదని శౌరి చెప్తే, ఆ రెండు రోజులూ తెప్ప మునిగితే ఎవరిది పూచీ అని ఎదురు తిరిగింది. దాంతో ప్రమాదం గడిచిందని నాకు నమ్మకం కుదిరింది.

కింద డాక్టరమ్మ లేచి, ఒక పరక గడ్డి తీసుకుని, ఆలోచించి, నెమరేసింది. ఆ చప్పుడు ఇన్నాళ్ళూ విన్నాను గానీ ఇంత బాగుంటుందని తెలీదు. పాలు గిన్నె అడుగు తడిసేంత వచ్చాయి. చాలు, వస్తున్నాయి.

పెద్దవాళ్ళు షుగరు దించుకోవడానికి వరుస చుట్టూ గుంపుగా నడుస్తున్నారు. వాళ్ళు ఇటు నడిస్తే కాలనీ ఇటు వంగుతోంది, అటు నడిస్తే అటు. లోవ కిటికీలోంచి కేకలేస్తోంది, విడివిడిగా నడవండి బాబూ తాళ్ళు తెగిపోతాయని. ఎవరూ వినడం లేదు. గుంపుగా నడిస్తేనే కబుర్లు సాగుతాయట.

శౌరి పత్రిక వాళ్ళకి ఉత్తరం రాశాడు, తన వ్యాసంలో ముఖ్యమైన సంగతి ఒకటి తప్పిపోయిందని. ఈసారి నా పేరు కూడా వేశాడు, గేదె పేరు తర్వాత.

నమోదు 9

గాలి తగ్గింది. లాంచీ వచ్చింది. పాలు దాదాపు మునుపటంత. అందరికీ మళ్ళీ మందు మొదలైంది. సత్తిబాబు బాబాయ్ కళ్ళు ఉన్నంతలోనే ఉన్నాయి, చూపు మరింత తగ్గలేదు. ఈసారి మీటింగులో లోవ వాటా ముందు తీసి పక్కన పెట్టాలని బుల్లెమ్మత్తే అంది, అడ్డొచ్చినవాళ్ళెవరూ లేరు.

ఇవాళ మధ్యాహ్నం కునుకు తీస్తుంటే నేల పడమటికి వంగింది. చేతికి దొరికిన చీపురు పట్టుకుని కొట్టంలోకి పరిగెత్తాను.

వరుస. స్టీలు బాక్సులు. ముందు బుల్లెమ్మత్త.

"అరవకే, ముందు చూడు" అంది. మూత తీసింది. లోపల పచ్చగడ్డి, గోంగూర తరిగినట్టు సన్నగా తరిగి, తడిగుడ్డలో చుట్టి ఉంది. వెనకాల అందరివీ తీయించి చూశాను. అన్నిట్లోనూ గడ్డే. సత్తిబాబు బాబాయ్ గడ్డిని కాజాలాగా మడతలు పెట్టి, పీచుతో కట్టి తెచ్చాడు. ఆ కళ్ళతో ఎంతసేపు పట్టిందో అడగలేదు.

లోవ అప్పుడే నీళ్ళలోంచి పైకొచ్చి, తల తుడుచుకుంటూ తెప్ప అంచు మీద కూర్చుంది.

బుల్లెమ్మత్త పిడికెడు గడ్డి అందించింది. డాక్టరమ్మ వాసన చూసింది. బాక్సులోకి మూతి పెట్టి అడుగు దాకా వెతికింది. తలెత్తి బుల్లెమ్మత్త మొహంలోకి చూసింది.

"జీవి మిగుల నిరాశ చెందినది" అంది మెడపట్టీ.

అది నిజం చెప్పడం ఇది రెండోసారి. అందరికంటే ముందు లోవ నవ్వింది. నవ్వి నవ్వి దగ్గొచ్చి గుంజ పట్టుకుంది. ముసలాళ్ళంతా గడ్డి బాక్సులతో అటు తిరిగి, దాని ఊపిరి సర్దుకునేదాకా చూస్తూ నిలబడ్డారు. గేదె ఇక చేసేదేం లేక గడ్డి తింది.